చింతగింజలు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల ప్రైమరీ స్కూలు, పిల్లలు 38 మంది. ఒకటీ రెండూ తరగతులు నావే, రెండూ ఒకే గదిలో. ఉన్న ఒక్క బీరువాలో రిజిస్టర్లే పట్టవు. స్కెచ్ పెన్నులు, రబ్బర్లు, షార్ప్‌నర్లు, అక్షరాల కార్డులు, లెక్కల పుల్లలు, చింతగింజలు అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో పోశాను. రోజూ వెతుకులాటే, పైగా వారం తిరిగేసరికి సగం మాయం. ఆన్‌లైన్‌లో సొరుగుల ప్లాస్టిక్ రాక్ 1,800 రూపాయలు చూపిస్తోంది. నా జేబులోంచి కొనమంటారా?
– ఒక టీచర్, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దు టీచరుగారూ, ఇప్పుడే కొనకండి. ఆ అట్టపెట్టెలో ఉన్న గందరగోళమే రేపు ఆరు సొరుగుల్లోకి వెళ్తుంది, అంతే.

ఒక సాయంత్రం బడి అయ్యాక పెట్టె నేల మీద బోర్లించండి. మూతలేని స్కెచ్ పెన్నులు, పెన్నుల్లేని మూతలు బోలెడు బయటపడతాయి, వాటిని మొహమాటం లేకుండా పారేయండి. మిగిలినవి రెండు కుప్పలు చేయండి: పిల్లలు తామే తీసుకునేవి ఒకటి, మీ చేయి మాత్రమే తగలాల్సినవి ఇంకొకటి. కత్తెర, గుండుసూదులు, స్టాప్లర్ పిన్నులు, చిన్న అయస్కాంతాలు రెండో కుప్పలోవి. వీటికి గట్టి మూత ఉన్న స్వీట్ డబ్బా ఒకటి చాలు, బీరువా పై అరలో పెట్టి తాళం వేయండి.

మొదటి కుప్పకి లోపలున్నది బయటికి కనపడే డబ్బాలు కావాలి. కిరాణా కొట్లలో చాక్లెట్లు, బిస్కెట్లు పోసే పెద్ద ప్లాస్టిక్ సీసాలు ఉంటాయి కదా, ఖాళీ అయ్యాక అడిగితే చవగ్గా ఇస్తారు, తెలిసిన కొట్టయితే ఊరికే ఇస్తారు. ఒకటో తరగతి పిల్లలకి చీటీ రాసి అంటిస్తే ఏం చదువుతారు? అందుకే సీసా బయట ఆ వస్తువునే ఒకటి టేపుతో అంటించండి, కింద పేరు రాయండి. రోజూ చూసీ చూసీ ఆ మాట వాళ్లకే వచ్చేస్తుంది.

రబ్బర్లకీ షార్ప్‌నర్లకీ కోడిగుడ్ల ట్రేని మించింది లేదు. 30 గుంటలు, గుంటకొకటి. గంట కొట్టే ముందు ఒక్క చూపు చూస్తే ఎన్ని రాలేదో తెలిసిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. మధ్యాహ్న భోజనం గుడ్లొచ్చిన అట్ట ట్రే మాత్రం వాడొద్దు. దాన్ని కడగలేం, మురికి పిల్లల చేతులకి అంటుతుంది. ప్లాస్టిక్ ట్రే అయితే సబ్బుతో కడిగి ఎండలో పెట్టి వాడుకోవచ్చు.

ఇక మీ చింతగింజలు. అవి జేబుల్లోకీ, అక్కడి నుంచి అరుగు మీద అష్టాచెమ్మాలోకీ పోతున్నాయి, నేను పాఠం చెప్పిన రోజుల్లోనూ అంతే! పోతే పోయాయి గానీ, ఒకటో తరగతి వాళ్లు ముక్కులో పెట్టుకుంటేనే ప్రమాదం. లోపల నాని ఉబ్బితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆ తరగతికి పుల్లలే ఇవ్వండి. గింజలు రెండో తరగతికి, మీ కళ్ల ముందే. ఎవరింట్లోనైనా పాత వామనగుంతల పీట ఉంటే అడిగి తెచ్చుకోండి, 14 గుంటల్లో పంచుతూ లెక్కా నేర్పొచ్చు, గింజలూ చెల్లాచెదురు కావు.

పుల్లల్ని పదేసి కట్టలు కట్టండి. మామూలు రబ్బరు బ్యాండ్లు ఎండలకి జిగటగా అయిపోయి తెగుతాయి. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగి, అడ్డంగా ఉంగరాల్లా కోసుకుంటే ఏళ్లు వస్తాయి. సర్దే పని మీరు చేయకండి, పిల్లలతో చేయించండి. 'పది కట్టలు, విడిగా తొమ్మిది' అని వాళ్లు అప్పజెప్పడమే పదులు, ఒకట్ల పాఠం.

డబ్బు సంగతి. 30 దాటి 100 లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి 25,000 రూపాయల స్కూల్ గ్రాంటు ఉంటుంది, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకి పెట్టాలి. అది ఎప్పుడు చేతికొస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. వచ్చినప్పుడు మీ హెచ్‌ఎంతో మాట్లాడి, రాక్ నిజంగా కావాలనిపిస్తే అందులోంచి బిల్లుతో కొనండి. ముందు ఒక టర్మ్ ఈ సీసాలతో నడపండి.

ప్రశ్న: వానాకాలం సుద్దముక్కలు చెమ్మెక్కి బోర్డు మీద రాయవు. వేసవి సెలవుల తర్వాత చూస్తే క్రేయాన్లు ముద్దయ్యాయి, కార్డులు ఎలుకలు కొట్టాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: సుద్ద వచ్చే అట్టపెట్టే చెమ్మని పీల్చుకుంటుంది. ఎండ కాసిన రోజు సుద్దముక్కల్ని ఆరబెట్టి బిగుతు మూత సీసాలో పోయండి, అడుగున గుడ్డలో మూటకట్టిన గుప్పెడు ఎండు బియ్యం వేయండి. క్రేయాన్ల డబ్బాని సెలవులకి ముందు రేకుల కింద, బీరువా నెత్తిన వదలకండి, కింది అరలో పెట్టండి. కార్డులు మైదా జిగురుతో అంటించి ఉంటారు, ఎలుకలకి కావాల్సిందే అది. ఫెవికాల్‌తో అంటించి, మూతున్న పాత నూనె రేకు డబ్బాని శుభ్రంగా కడిగి అందులో దాచండి. కలరా ఉండలు మాత్రం వేయకండి, పిప్పరమెంట్లనుకుని నోట్లో పెట్టుకుంటారు.