నేను తాగను, చుడతాను అంతే

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కామారెడ్డి జిల్లాలో ఒక పల్లె. పెళ్లికి ముందు నుంచీ బీడీలు చుడుతున్నాను, రోజుకు 800 దాకా. నేను తాగను, మా ఆయనా తాగడు. ఇప్పుడు నాకు ఐదో నెల. పొగాకు వల్ల కడుపులో బిడ్డ మెదడు దెబ్బతింటుందని ఫోన్‌లో వీడియో చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. మా అత్తమ్మేమో, పొగ లేనప్పుడు భయమెందుకు అంటుంది. వాంతులు తగ్గడానికి చిటికెడు తంబాకు దవడన పెట్టుకోమంటుంది కూడా. మా పెద్దోడికి ఆరేళ్లు. ఒక్కచోట కూర్చోడు, చదువు మీద ధ్యాస లేదు. వాడు కడుపులో ఉన్నప్పుడూ ఇదే పని చేశాను. నా వల్లే అలా అయ్యాడా?

జవాబు: అమ్మా, ముందు ఆ చిటికెడు తంబాకు సంగతి. వద్దే వద్దు. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నేను పుట్టింది ఒంగోలు దగ్గర పొగాకు పండే ఊళ్లో. రెలుపుల రోజుల్లో, అంటే పొగాకు ఆకు కోసే కాలంలో, మా అమ్మ మంచుకు తడిసిన ఆకు మోసుకొచ్చి, ఆకును ఆరబెట్టే కొట్టం, బేరన్, ముందు కూర్చుని కర్రలకు అల్లేది. మధ్యాహ్నానికి కళ్లు తిరిగేవి, కొన్నిసార్లు వాంతులు. చుట్ట ముట్టని మనిషి. ఎండదెబ్బేమో అని మజ్జిగ ఇచ్చేవాళ్లం. తడి ఆకులో ఉండే నికోటిన్ అనే మత్తు పదార్థం చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుందని వైద్యం చదివాకే తెలిసింది. ఆ చేత్తో కలిపిన ముద్ద చేదుగా ఉండేది, నాకిప్పటికీ గుర్తే. అందుకే ‘పొగ లేదుగా’ అన్న మాట నా దగ్గర చెల్లదు.

ఒక్కో బీడీలో 0.2 గ్రాముల పొగాకు అనుకున్నా, 800 బీడీలంటే 160 గ్రాములు. అదంతా రోజూ మీ వేళ్ల మధ్య నుంచే పోతోంది, దుమ్ము ముక్కులోకి పోతోంది. పొగాకు వాడే అలవాటు లేని బీడీ కార్మికుల మూత్రంలో కూడా, నికోటిన్ మారగా వచ్చే కోటినిన్ కనిపించింది. తల్లి ఒంట్లోకి వెళ్లిన నికోటిన్, బిడ్డకు ఆహారం అందించే మాయను దాటేస్తుంది. బిడ్డ దగ్గర దాని మోతాదు తల్లి రక్తంలో కంటే సుమారు 15 శాతం ఎక్కువే ఉంటుంది.

మెదడు కణాలు కబుర్లు పంపుకోవడానికి వాడే రసాయనాల్లో ఎసిటైల్‌కొలీన్ ఒకటి. 1905లో కేంబ్రిడ్జ్‌లో జాన్ లాంగ్లీ అనే శాస్త్రవేత్త కోడి కండరం మీద నికోటిన్ ప్రయోగించి, కబురు అందుకునే పదార్థమేదో అక్కడ ఉండాలని ఊహించాడు. కబురు అందుకునే ఆ భాగాలనే గ్రాహకాలు అంటాం. వాటికి చివరికి నికోటిన్ పేరే స్థిరపడింది, ఇంటికి దొంగ పేరు పెట్టినట్టు! కడుపులో పెరిగే మెదడులో ఎసిటైల్‌కొలీన్ మేస్త్రీ పని కూడా చేస్తుంది. ఏ కణాలు ఎప్పుడు విభజన ఆపాలో, ఎటు వెళ్లి దేనితో కలవాలో వేళ తప్పకుండా చెబుతుంది. చెప్పిన మరుక్షణం విరిగిపోతుంది. నికోటిన్ అలా పోదు. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో అది సగం తగ్గడానికే 11 గంటలు పడుతుంది. తలుపు తట్టి వెళ్లిపోవాల్సిన చోట గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. గ్రాహకం మొద్దుబారుతుంది, కణం మరిన్ని గ్రాహకాలు పెంచుకుంటుంది, డోపమిన్, సెరొటోనిన్ లాంటి ఇతర కబురు రసాయనాల లెక్కలూ తప్పుతాయి.

అమెరికాలో పొగాకు డబ్బుతో ఎదిగిన డ్యూక్ విశ్వవిద్యాలయంలోనే థియోడోర్ స్లాట్కిన్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించారు. కడుపుతో ఉన్న ఎలుకల చర్మం కింద చిన్న పంపు అమర్చి వట్టి నికోటిన్ ఎక్కించారు. పొగ లేదు, పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ లేదు. అయినా ఎలుక పిల్లల మెదడులో కణాలు తగ్గాయి. ఎలుకల మాట అత్తమ్మ నమ్మకపోతే ముంబై సంగతి చెప్పండి. 2004లో వెలువడిన అధ్యయనంలో 1,217 మంది స్త్రీలను చూశారు. పొగ లేని పొగాకు వాడిన తల్లుల బిడ్డల బరువు సగటున 105 గ్రాములు తక్కువ.

ఇక పెద్దోడు. ఉత్తరం చివర రాశారు గానీ మీ అసలు ప్రశ్న ఇదే. పొగతాగే తల్లుల పిల్లల్లో ఏకాగ్రత లోపం ఎక్కువని లెక్కలున్న మాట నిజమే. కానీ ఒకే తల్లి పొగతాగినప్పుడు పుట్టిన బిడ్డనూ, తాగనప్పుడు పుట్టిన బిడ్డనూ పోల్చి చూస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. వంశం, ఇంటి పరిస్థితులు అందులో కలిసిపోయి ఉన్నాయన్నమాట. తాగినవాళ్ల విషయంలోనే ఇంత చిక్కు ఉంటే, చుట్టిన మీ మీద నేరం మోపడానికి నాకు నోరు రాదు. ఆరేళ్ల పిల్లాడు కుదురుగా కూర్చోకపోతే అది జబ్బే కానక్కర్లేదు. చెవులు, కళ్లు, రక్తం పరీక్ష చేయించండి. ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు మించి అలాగే ఉంటే పిల్లల డాక్టరుకు చూపండి.

పని మానేయమని రాయడం నాకు తేలిక, ఆ కూలి డబ్బు ఎవరిస్తారు? మానగలిగితే మానండి. లేదా పంచుకోండి. బీడీకి పైన చుట్టే తునికాకులో నికోటిన్ ఉండదు. ఆకు నానబెట్టడం, కత్తిరించడం మీరు తీసుకుని, పొగాకు నింపి చుట్టడం అత్తమ్మకు ఇవ్వండి. ఆవిడకు భయం లేదంటున్నారుగా! పొగాకు చాట మీ ఒళ్లో, సరిగ్గా పొట్ట దగ్గర పెట్టుకోకండి. పొగాకు సంచి పడుకునే గదిలో వద్దు. సబ్బుతో చేతులు కడగకుండా అన్నం ముట్టకండి. కాన్పయ్యాక పని చీర మార్చుకుని పాలివ్వండి, పాలలోకీ నికోటిన్ వెళ్తుంది.

ఐదో నెలలో కూడా వాంతులున్నాయంటే ఆస్పత్రిలో చూపించుకోండి. పొగాకు ముట్టిన రోజుకూ ముట్టని రోజుకూ తేడా ఉందేమో ఓ వారం గమనించి, ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.