వాచిన పిక్కను నూనెతో రుద్దకండి

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు, బీపీ ఉంది. కుడి తుంటి మార్పిడి ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. వాకర్‌తో ఇంట్లో బాగానే తిరుగుతోంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని 12 రోజులకే ఆపేశాం. నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చి ఇస్తున్నాం. నాలుగు రోజులుగా కుడి పిక్క వాచింది. రాత్రిళ్లు కర్పూరం నూనెతో మర్దన చేస్తున్నాను. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చోవచ్చా? మెట్లు ఎక్కొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పీట సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ మర్దన ఆపండి, ఈ రోజు నుంచే.

తుంటి ఆపరేషన్ తర్వాత ఆ కాలు కొంత వాయడం మామూలే. కానీ ఐదో వారంలో కొత్తగా, అదీ పిక్క దగ్గర, మందు మధ్యలో మానేసిన మనిషికి వచ్చిన వాపును మామూలు వాపు అనడానికి నాకు ధైర్యం చాలదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కాకపోనూవచ్చు. చేత్తో నొక్కి చూస్తే తేలేది కాదు, డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్) చేయించాలి. రేపటికి వాయిదా వేయకండి. ఇంట్లో టేపు ఉంటే మోకాలి కింది ఎముక బుడిపె నుంచి 10 సెం.మీ. దిగువన రెండు పిక్కలూ కొలవండి. తేడా 3 సెం.మీ. దాటితే అనుమానం బలపడుతుంది. దాటలేదని మాత్రం స్కాన్ మానొద్దు. గడ్డ ఉంటే రుద్దుడుకు కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరగడం వస్తే నాకు ఉత్తరం రాయడం కాదు, 108కి ఫోన్ చేయాలి.

రక్తం పలచబడే ఆ మాత్రలు ఇచ్చేదే ఇలాంటిది రాకుండా. ఈ ఆపరేషన్ తర్వాత సాధారణంగా నాలుగైదు వారాలు వాడమంటారు. చిగుళ్ల రక్తం చూసి భయపడటంలో తప్పు లేదు, ఆ రోజే సర్జన్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే డోసు తగ్గించేవారో, మందు మార్చేవారో. సొంతంగా ఆపడం ఒక పొరపాటైతే, ఇది చదివి సొంతంగా మళ్లీ మొదలుపెట్టడం రెండోది. పైగా డైక్లోఫెనాక్! బీపీ ఉన్న 66 ఏళ్ల మనిషికి అది బీపీని పెంచొచ్చు, కిడ్నీలను దెబ్బతీయొచ్చు. రక్తం పలచబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. షాపతను ఇచ్చాడు సరే, బీపీ ఉందని మీరు చెప్పారా? నొప్పికి ఏది వాడాలో కూడా సర్జన్‌నే అడగండి.

ఇక పీట. వద్దు. ఆపరేషన్ వెనక వైపు నుంచి చేశారా, ముందు నుంచా అన్నది మీరు రాయలేదు. జాగ్రత్తలు దాన్ని బట్టి కొంత మారతాయి, డిశ్చార్జి సమ్మరీలో ఉంటుంది. వెనక నుంచి చేసి ఉంటే, సర్జన్ సరే అనేదాకా మోకాలు తుంటి కంటే పైకి రాకూడదు. అంటే పీట, బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు, అన్నీ బంద్. అమ్మవారిని టేబుల్ మీద పెట్టి, అమ్మను చేతులున్న ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఏడో వారంలో చిన్న స్టూల్ మీద కూర్చుని, కింద పడ్డ గిన్నె కోసం ముందుకు వంగారు. అంతే, కీలు జారింది. కమోడ్ ఎత్తు చాలకపోతే పైన పెట్టే సీటు దొరుకుతుంది. పక్కకు పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి.

మెట్లు స్కాన్ తర్వాతే. అప్పుడైనా వాకర్‌తో కాదు, ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, ఒక మనిషి తోడుగా. ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, ఆపరేషన్ కాలు ముందు.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకోండి, డైక్లోఫెనాక్‌ది కూడా. కారులో ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, దాని మీద ఒక దిండు వేసి, అమ్మను మొదట సీటు మీద కూర్చుని, ఆ తర్వాతే కాళ్లు లోపలికి తీసుకోమనండి.