మందపాటి ప్లేటుకు మిగ్గా, రాడ్డా?

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న వర్క్‌షాపు. లోడర్ బకెట్ బ్రాకెట్ పగిలితే (25 మి.మీ. మైల్డ్ స్టీలు) 200 ఆంపియర్ల మిగ్ మెషీన్‌తో (గ్యాస్ రక్షణలో తీగను కరిగించే వెల్డింగ్), 0.8 మి.మీ. తీగతో అతికించాం. పైకి నున్నగా, అందంగా వచ్చింది. నెల తిరక్కుండానే పెచ్చులా ఊడిపోయింది. మళ్లీ మిగ్ వేయమంటారా, రాడ్డు వాడమంటారా?

జవాబు: రాడ్డే (పూత ఉన్న వెల్డింగ్ ఎలక్ట్రోడ్) వాడండి, అదీ 7018 రకం. ఊడిన చోట ప్లేటు అంచు చూడండి. గ్రైండర్ గీతలు ఇంకా చెరక్కుండా ఉంటే అక్కడ లోహం కరగనే లేదన్నమాట. సన్న తీగ, తక్కువ వోల్టేజీతో పుట్టే వేడిని 25 మి.మీ. ప్లేటు లాగేసుకుంటుంది. కరిగిన తీగ పైన పేరుకుంటుంది, అంతే. 350 ఆంపియర్ల మెషీన్, 1.2 మి.మీ. ఫ్లక్స్ కోర్ (లోపల పొడి నింపిన) తీగ ఉంటే మాట వేరు.

ముందు పాత వెల్డింగంతా తీసేయండి. డై పెనట్రెంట్‌తో (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపే రంగు ద్రవం) పగులు కొసలు పట్టుకుని, వాటికి 10 మి.మీ. అవతల 6 మి.మీ. రంధ్రాలు వేయండి. లేకపోతే వేడికి పగులు ముందుకు పాకుతుంది. రెండు వైపులా చెయ్యి ఆడితే అంచులను వాలుగా కోసి 60 డిగ్రీల డబుల్ వీ గాడి తీయండి, మధ్యలో 2-3 మి.మీ. సందు ఉంచండి.

రాడ్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. విశాఖ సముద్రపు గాలికి 7018 పూత తేమ పీలుస్తుంది. ఆ తేమలోని హైడ్రోజన్ వెల్డింగ్ పక్కన ఉక్కులో చేరి, ఒకటి రెండు రోజుల తర్వాత పగులు తెస్తుంది. ఓవెన్‌లో 300-350 డిగ్రీల వద్ద గంట ఆరబెట్టండి; డబ్బా మీద వేరే అంకె ఉంటే అదే పాటించండి. బల్బు వెలిగించి ఉంచే పెట్టె ఆరిన రాడ్లను పొడిగా ఉంచుతుందే గానీ, తడిసినవాటిని ఆరబెట్టలేదు.

ప్లేటును 100 డిగ్రీల దాకా వేడి చేయండి. గ్యాస్ టార్చి పెట్టగానే మొదట పైన చెమ్మ పడుతుంది, అది పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. లోడర్ బ్యాటరీ తీగలు విప్పేయండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే ఉండాలి. దూరంగా తగిలిస్తే కరెంటు పిన్నులు, బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది.

రాడ్డు పట్టే హోల్డర్‌ను మెషీన్ పాజిటివ్‌కు కలపండి. రూట్‌కు (గాడి అడుగున వేసే మొదటి పొర) 3.15 మి.మీ. రాడ్డు, 110 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. పైన 4 మి.మీ. రాడ్డుకు 150-170. ఆర్క్ (రాడ్డు కొస దగ్గరి మెరుపు) పొట్టిగా పట్టండి, సాగదీస్తే రంధ్రాలొస్తాయి. ఒక వైపు నిండాక రెండో వైపు నుంచి రూట్‌ను మెరిసే లోహం వచ్చేదాకా తవ్వాలి. ఈ పని ఎగ్గొడితే లోపల మిగిలిన స్లాగ్ (పూత కరిగి గట్టిపడిన మడ్డి) దగ్గరే మళ్లీ పగులుతుంది. పొర పొరకీ స్లాగ్ దులపండి. నీళ్లు పోయొద్దు. 48 గంటలు ఆగి మళ్లీ డై పెనట్రెంట్ వేసి చూడండి.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్‌లో ఆరుబయట మిగ్ వేస్తుంటే వెల్డింగ్ నిండా రంధ్రాలు. గ్యాస్ పెంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. నిమిషానికి 12-15 లీటర్లు చాలు. మరీ పెంచితే గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. టార్పాలిన్ కట్టండి, లేదా రాడ్డుకు మారండి. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ తీగా పనికొస్తుంది. దానికి సాధారణంగా మిగ్ టార్చిని నెగెటివ్‌కు మార్చాలి.