ఆడపిల్లలకు చేసే ఖత్నా (జననాంగం బయటి భాగాన్ని కోయడం) డాక్టరు చేతిలో జరిగితే ప్రమాదం ఉండదంటారు, నిజమేనా?

ఈ "డాక్టరు చేస్తే సేఫ్" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను గుంటూరులో నర్సింగ్ చదివి ఇంగ్లండులో మిడ్‌వైఫ్‌గా పని చేస్తున్నాను. మా దగ్గరికి సోమాలియా, సూడాన్ ఆడవాళ్లు కాన్పులకు వస్తుంటారు. సోమాలియాలో అయితే చిన్నప్పుడు ఈ కోత తప్పించుకున్న ఆడమనిషి దొరకడమే అరుదు.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. తొలిచూలు, ఐదో నెల. మొదటి చెకప్‌లో ఫోన్లో దుబాసీని కలిపితే మగ గొంతు పలికింది. ఆ పిల్ల నోరు విప్పితే ఒట్టు. (ఇలాంటి వాటికి ఆడవాళ్లనే ఇవ్వండి మహాప్రభో అని ఎన్నిసార్లు రాసినా వినే నాథుడు లేడు. కొత్త ఫారాలు మాత్రం తెగ పంపిస్తారు.) ఆడ గొంతు వచ్చాక మెల్లగా చెప్పింది. బాత్రూముకు వెళ్తే పావుగంట పడుతుందట, నెలసరి వస్తే మంచం దిగలేదట. చూస్తే ఏముంది, కోసేసి రెండు వైపులా కలిపి కుట్టేశారు. చిటికెన వేలి కొన పట్టేంత దారి మిగిలింది. అలాంటి వాళ్లకు మత్తిచ్చి, ఆ మచ్చ వెంబడే పైకి కోసి, అంచులు విడివిడిగా కుడతాం. పెద్ద ఆపరేషనేం కాదు.

ఈ అమ్మాయికీ అదే చేశాం. ఆ తర్వాత బాత్రూములోంచి కంగారుగా పిలిచింది. రక్తం పోతోందేమోనని పరుగెత్తాను. చూస్తే, చప్పుడుకి భయపడింది! మూత్రం అలా ధారగా పడుతుందని ఆ పిల్లకు తెలియదు. అందరికీ ఇంతేనా అని అడిగింది. ఇదంతా చిన్నప్పుడు ఎవరు చేశారంటే, "మంత్రసాని కాదు, టౌన్లో నర్సు, ఇంజెక్షన్ కూడా ఇచ్చింది" అంది, వాళ్ల నాన్న ఖర్చుకు వెనకాడలేదన్నట్టు.

నర్సట! గ్లవ్స్ వేసుకుంటే సెప్టిక్ కాకపోవచ్చు, సరే. కోసేసిన అవయవం తిరిగొస్తుందా? ఆ కోతతో ఆరోగ్యానికి ఒరిగేది సున్నా. పైగా తెల్లకోటు చూసి, తల్లిదండ్రులకు ఉన్న కాస్త జంకు కూడా పోతుంది. 2007లో ఈజిప్టులో 12 ఏళ్ల పిల్ల చనిపోయింది ఏ పాకలోనో కాదు, ప్రైవేటు క్లినిక్‌లో. మరుసటి ఏడాది నిషేధ చట్టం తెచ్చారు. అయినా అక్కడ దీన్ని ఎక్కువగా చేస్తున్నది వైద్య సిబ్బందే. ఫీజు వస్తుంది కదా మరి. మన స్కానింగ్ సెంటర్ల బాగోతం కూడా ఇలాంటిదే. 1994లోనే చట్టం వచ్చినా, లోపల ఉన్నది ఆడో మగో చాటుగా చెప్పేది చదువుకున్న వాళ్లే.

కామెంట్లలో మతం గొడవ మొదలుపెట్టేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులు, ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు కూడా చేయించారు. చాలా ముస్లిం దేశాల్లో ఈ ఊసే లేదు.

"మన దేశంలో ఎక్కడుందండీ" అనేవాళ్లు ఇంకో రకం. దావూదీ బోహ్రా (షియా ముస్లింలలో ఒక శాఖ) కుటుంబాల్లో దాదాపు ఏడేళ్ల వయసులో చేయించే ఆచారం ఉంది. ఆ ఇళ్లలో పుట్టిన ఆడవాళ్లే బయటికొచ్చి చెప్పుకున్నారు. 2017లో సుప్రీంకోర్టులో కేసు పడితే, అధికారిక లెక్కలు లేవని కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ చేతులెత్తేసింది. ఎవరైనా వెళ్లి అడిగితే కదా లెక్కలు ఉండేది! పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద ఇది ఇప్పటికే నేరమని 2018లో ప్రభుత్వ లాయరే కోర్టులో చెప్పారు. కేసు మాత్రం పెద్ద బెంచికి, అక్కణ్నుంచి ఇంకా పెద్ద బెంచికి వెళ్లింది.

ఇంగ్లండులో 2015 అక్టోబరు నుంచి, 18 ఏళ్లలోపు పిల్లకు ఇది జరిగిందని డ్యూటీలో తెలిస్తే డాక్టరైనా, నర్సైనా, టీచరైనా పోలీసులకు చెప్పి తీరాలి. మన దగ్గర "ఇది చేసినవాళ్ల లైసెన్సు పోతుంది" అని మెడికల్ కౌన్సిల్ ఒక్క ముక్క రాసి క్లినిక్‌లకు పంపడానికి సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాలా?