పుస్తకాల ముచ్చట: పెర్సెఫొనీ తల్లి చెడ్డదా?

ప్రశ్న: మా అమ్మాయి చంద్రపూర్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. గ్రీకు పురాణాల మీద ఇంగ్లిషులో వచ్చే ప్రేమ నవలలను ఫోనులో విడవకుండా చదువుతుంది. సెలవులకు వచ్చినప్పుడు ఒకదాని కథ నాకు చెప్పింది. అందులో పాతాళ రాజు హేడీస్ మంచివాడు, పెర్సెఫొనీ ఇష్టపడే అతని వెంట వెళ్తుంది, కూతురిని గడప దాటనివ్వని తల్లి డిమీటర్ ఒక్కతే చెడ్డది. అసలు కథ కూడా ఇంతేనా?
— ఒక తల్లి, సిరోంచ

జవాబు: కాదండీ. ఈ కథ పూర్తిగా కనిపించే రూపాల్లో మనకు దొరికిన అతి పాతది, హోమర్ పేరు మీద చలామణీ అయ్యే స్తోత్రాల్లో పంటల దేవత డిమీటర్‌ను కీర్తించే స్తోత్రం. అది క్రీ.పూ. 7-6 శతాబ్దాల నాటిదని పండితుల అంచనా. దాని రాతప్రతి 1777లో మాస్కోలో బయటపడింది. పేరుకు తగ్గట్టే అది తల్లి కథ. చెలికత్తెలతో పూలు కోసుకుంటున్న పిల్ల ముందు, ఒకే దుంప నుంచి నూరు పూలు విరిసిన నార్సిసస్ మొక్కను భూదేవి ఎరగా మొలిపిస్తుంది. పిల్ల రెండు చేతులూ చాచగానే నేల చీలి హేడీస్ రథం పైకి వస్తుంది. ఈ పెళ్ళికి తండ్రి, అంటే దేవతల రాజు జ్యూస్, ముందే ఒప్పుకున్నాడు. తల్లికీ చెప్పలేదు, పిల్లనూ అడగలేదు. దివిటీలు పట్టుకుని, తిండీ స్నానమూ మాని తొమ్మిది రోజులు వెతికిన డిమీటర్, జరిగినదంతా సూర్యుడి నోట విన్నాక, చివరికి భూమి మీద ఒక్క గింజ కూడా మొలకెత్తకుండా ఆపేస్తుంది. ఆమె పంతం పట్టబట్టే కూతురు ఏడాదిలో మూడింట రెండు వంతుల కాలం తిరిగి దక్కింది.

అలాగని నవలలు రాసేవాళ్ళు లేనిదంతా కల్పించారనీ అనలేం. పెర్సెఫొనీ ఏటా మూడో వంతు కాలం పాతాళంలో గడపాల్సి రావడానికి కారణం అక్కడ ఆమె తిన్న దానిమ్మ గింజ. హేడీస్ ఎవరి కంటా పడకుండా దాన్ని ఇచ్చాడని కథకుడు చెబుతాడు. తల్లి అడిగినప్పుడు మాత్రం పెర్సెఫొనీ, తనకు ఇష్టం లేకున్నా బలవంతంగా తినిపించాడని అంటుంది. బలవంతం సంగతి కథకుడు ఎందుకు చెప్పలేదు, పిల్ల ఎందుకు చెప్పింది? ఇప్పటి ప్రేమకథలు చాలావరకు ఈ సందులోంచే లోపలికి వచ్చాయని నా ఊహ. పైగా ఆమెను పంపేముందు హేడీస్, తాను జ్యూస్‌కు స్వయానా తోబుట్టువుననీ, తన పక్కన రాణిగా గొప్ప గౌరవాలు దక్కుతాయనీ నచ్చజెప్పుకుంటాడు. (డిమీటర్‌కు కూడా తోబుట్టువే కాబట్టి మేనమామ వరసని మన పెద్దలు సరిపెట్టుకుందురేమో గానీ, తండ్రికి అన్న కూడా అయినవాడితో సంబంధమంటే పెళ్ళిచూపుల దాకా కూడా రాదు.)

పాత కథను మార్చడం ఈనాటి అలవాటు కాదు. క్రీ.శ. 8 ప్రాంతంలో లాటిన్ కవి ఓవిడ్ దానిమ్మ గింజలను ఏడు చేశాడు, ఏడాదిని సగం సగం పంచాడు, పాతాళ రాజు మనసు చలించడానికి మన్మథుడి బాణాన్ని కారణం చేశాడు. అందువల్ల ఈ కాలపు రచయితలు పెర్సెఫొనీ ఇష్టానికి చోటివ్వడాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ ఆ ఇష్టాన్ని గొప్పగా చూపడానికి తల్లిని జైలు కాపలాదారును చేయడం సులువైన దారి. పిల్లను అడగకుండా మాట ఇచ్చిన తండ్రి మీద పడవలసిన కోపం ఆవిడ మీద పడుతోంది.

మీరుంటున్న విదర్భ, అక్కడి మరాఠీ ఇళ్ళలో రఖుమాయిగా కొలిచే రుక్మిణికి పుట్టిల్లు. పోతన భాగవతంలో ఆమె అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురంపి, పెళ్ళికి ముందు గౌరీపూజకు నగరం వెలుపలికి వస్తాననీ, అక్కడి నుంచి తీసుకుపొమ్మనీ ఉపాయం కూడా తానే చెబుతుంది. ఇక్కడా రథమే, ఇక్కడా ఎత్తుకుపోవడమే. కాకపోతే రమ్మని పిలిచింది ఆమె. ఆ ఇష్టాన్ని నిలబెట్టడానికి కవి తల్లిని చెడ్డదాన్ని చేయలేదు, అడ్డుపడిన అన్న రుక్మినే అడ్డుపడినవాడిగా చూపాడు. మీ అమ్మాయి చేత నవలలు మాన్పించే ప్రయత్నం చేయకండి; ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి తనతో మాట్లాడండి, డిమీటర్ పక్షాన మీరు వాదించండి.

ప్రశ్న: పదమూడేళ్ళ పిల్లలకు ఈ నవలలు ఇవ్వవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, అహేరి

జవాబు: అట్టను చూసి ఇవ్వకండి. హేడీస్, పెర్సెఫొనీల పేరుతో వచ్చే ప్రేమ నవలల్లో పెద్దల కోసమే రాసినవి చాలా ఉన్నాయి. అట్ట మీది పూలూ కిరీటాలూ అన్నిటికీ ఒకేలా ఉంటాయి. ముందు మీరు చదివి, తర్వాత ఇవ్వండి.

ప్రశ్న: నేను మరాఠీ మీడియంలో పన్నెండో తరగతి చదువుతున్నాను. తెలుగులో ఒక గ్రీకు ప్రేమకథ రాయాలని ఉంది. అపోలో, డాఫ్నీల కథను సుఖాంతం చేయవచ్చా?
— ఒక విద్యార్థిని, బల్లార్‌పూర్

జవాబు: రాయి తల్లీ, కానీ ఆ కథ వద్దు. ఓవిడ్ చెప్పిన ప్రకారం డాఫ్నీ, తనకు పెళ్ళే వద్దని తండ్రిని బతిమాలి ఒప్పించుకున్న పిల్ల. అపోలో దేవుడు వెంటపడుతుంటే పరుగెత్తి పరుగెత్తి, ఓపిక అయిపోయాక తండ్రిని వేడుకుని లారెల్ చెట్టుగా మారిపోతుంది. అపోలో ఆ మాను మీద చెయ్యి వేస్తే బెరడు కింద గుండె ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. ముద్దు పెట్టబోతే ఆ కొయ్య కూడా వెనక్కి తగ్గుతుంది. చెట్టయ్యాక కూడా వద్దన్న పిల్ల చేత సరేననిపిస్తే, నీ చేతిలో మిగిలేవి పేర్లు మాత్రమే.

దానికి బదులు క్రీ.శ. 2వ శతాబ్దంలో అపులేయస్ లాటిన్‌లో రాసిన సైకీ కథ తీసుకో. రాత్రి చీకట్లో మాత్రమే వచ్చే భర్త మన్మథుడిని దీపం వెలుగులో చూడబోవడం, వేడి నూనె చుక్క అతని భుజం మీద పడటం, అతను విడిచి వెళ్ళాక అత్త అయిన ప్రేమదేవత వీనస్ గోధుమలూ గసగసాలూ పప్పులూ కలిపిన కుప్పను పొద్దుపోయేలోగా వేరుచేయమనడం, చీమలు జాలిపడి ఆ పని చేసిపెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అత్తగారి ఆరళ్ళ గురించి తెలుగు పాఠకులకు నువ్వు ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. సుఖాంతం కూడా మూలంలోనే ఉంది.