పాకాల అడవిలో నడిచొచ్చాక నడుం చుట్టూ దురద, నల్లచుక్కలు

ఈ దురద, నల్లచుక్కలు వరంగల్ హంటర్ రోడ్ జూలో పట్టుకున్నాయేమోనని అడిగారు. మీరు అనుమానపడ్డట్టు అక్కడ పట్టింది కాకపోవచ్చు. పొద్దున పాకాలలో గడ్డిబాట తొక్కారన్నారు కదా, ఆ చుక్కలు గోమారి (పశువుల రక్తం పీల్చే పురుగు) పిల్లలై ఉంటాయి. పశువులు తిరిగే చోట గడ్డికొనల మీద గుంపుగా కాచుకొని ఉంటాయి. భూతద్దంలో చూస్తే ఆరు కాళ్లు కనిపిస్తాయి (పెద్దవాటికి ఎనిమిది).

1. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిటారుగా, మెల్లగా లాగండి. తర్వాత సబ్బుతో కడగండి.

2. కిరోసిన్, సున్నం, అగరుబత్తి వాత వద్దు. పురుగు ఊడకపోగా చర్మం కాలుతుంది.

3. అందరూ మరిచేది బట్టలు. తీశాక మళ్లీ కుడుతున్నాయంటే కారణం అదే. మంచం మీద పడేసిన ప్యాంటు, సాక్సుల నుంచి మళ్లీ పాకుతాయి. చన్నీళ్ల ఉతుకుడుకి చావవు. పొగలు కక్కే నీళ్లలో నానబెట్టి ఉతకండి. బ్యాగు పట్టీల మడతలూ వెతకండి.

4. మోకాలి వెనక, చంకలు, గజ్జలు అద్దంలో చూసుకోండి.

మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి వచ్చినా, కుట్టినచోట నల్లటి పక్కు కట్టినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే మరో సన్నటి పురుగు (మంచం నల్లి కాదు) కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఆ పక్కు గుర్తు. అడవికి వెళ్లిన సంగతి మీరే చెప్పాలి, ఆయన అడగకపోవచ్చు.