12.6 వోల్టులు చూపిస్తున్నా సెల్ఫ్ తిరగట్లేదంటే

బండి బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 12.6 ఉండి, సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ అని ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది టెర్మినళ్లని, అంటే బ్యాటరీకి వైర్లు బిగించే చోట్లని. కొత్త బ్యాటరీ కొనాలా వద్దా అన్నది ఆ తర్వాత.

1. ఇగ్నిషన్ ఆఫ్ చేసి నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత విప్పండి. తెల్లటి పొడి పేరుకుని ఉంటే బ్రష్‌తో గీకేసి, ఈసారి పాజిటివ్ ముందు బిగించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే వోల్టేజీ చూసి బ్యాటరీ బానే ఉందనుకుంటారు, కానీ దాని సత్తా లోడ్ పడ్డప్పుడే, అంటే సెల్ఫ్ కరెంట్ లాగేటప్పుడే తెలుస్తుంది. ఫుల్ చార్జ్ చేసి కొన్ని గంటలు వదిలేయండి, తర్వాత మీటర్ పిన్నులు కేబుల్ క్లిప్పులకు కాకుండా నేరుగా బ్యాటరీ పోస్టులకే ఆనించి సెల్ఫ్ నొక్కి చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతే ఇక మార్చేయడమే. 10 పైన నిలబడి కూడా సెల్ఫ్ తిరగకపోతే తప్పు రిలేలోనో (సెల్ఫ్ మోటార్‌కి కరెంట్ వదిలే స్విచ్), వైరింగ్‌లోనో, సెల్ఫ్ మోటార్‌లోనో ఉంది, పాపం బ్యాటరీని ఏమీ అనకండి.

3. ఎలాగోలా స్టార్ట్ చేసి కాస్త రేస్ చేస్తే మీటర్‌లో 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే చార్జింగ్ లైన్ చూపించండి, లేదంటే కొత్తదీ ఇలాగే పోతుంది.

ఇవన్నీ లెడ్ యాసిడ్ అంకెలు. మీది లిథియం అయితే వేరు.